చేతికొక మీట, నోటికొక మీట

మా అత్త, నాన్నకు అక్క, పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను పులివెందులలో, మా స్కూల్ స్టాఫ్ రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఫోన్ చేసింది ఆమె కొడుకు, మా బావ. "అమ్మ పోయింది. నిదానంగానే రా. మిషను తీసినాక గానీ కాల్చకూడదంట," అన్నాడు. అంతే, పెట్టేశాడు.

మిషను అంటే ఏమిటో ముందు చెప్పాలి. మా అత్తకు పార్కిన్సన్స్. మా వైపు వణుకుడు జబ్బు అంటారు. డెబ్బై దాటాక ఆమెకు ఆపరేషన్ చేసి, మెదడులోకి రెండు సన్నటి తీగలు దించారు. వాటిని చెవి వెనకగా చర్మం కిందనుంచి తెచ్చి, ఛాతీ పైభాగంలో పెట్టిన ఒక చిన్న బ్యాటరీ పెట్టెకు కలిపారు. అది రాత్రింబవళ్లు మెదడుకు సన్నగా కరెంటు పంపుతూ ఉంటుంది, దానివల్ల వణుకు ఆగుతుంది. మనిషి పోయాక ఆ పెట్టెను బయటికి తియ్యకుండా నిప్పు పెడితే పేలుతుందట. నేను ప్రొద్దుటూరు చేరేసరికి అత్త ముందుగదిలో ఉంది, పక్కన సర్జను చేతులు కడుక్కుంటున్నాడు. పెన్న ఒడ్డుకు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లంతా అరుగు మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్లను చూసి మా అత్త ఏమనేదో నాకు తెలుసు. "ఊరికే కూర్చోవద్దండి, లోపలికొచ్చి చీరలన్నా మడతేయండి" అనేది.

అనేది అంటున్నాను గానీ, చివరి నెలల్లో ఆమె ఎవరినీ ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకు అనలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆమె మంచితనం గురించి రాయమని చుట్టాలు అడిగారు. ఆమె మంచితనమంతా నోట్లోనే ఉండేది కాబట్టి ఆ నోటి గురించే రాస్తాను.

మామ చిన్న వయసులోనే పోతే ప్రొద్దుటూరులో బట్టల అంగడి మా అత్తే నడిపింది. తెల్లటి పరుపు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. పెళ్లి చీరల కోసం జమ్మలమడుగు నుంచి, వీరపునాయునిపల్లె నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చేవాళ్లు. ఒకసారి ఒకావిడ అంగడంతా తీయించి, చివరికి పసుపుపచ్చ చీర భుజం మీద వేసుకుని ఎట్లుందని అడిగింది. "చీర బాగుంది. నీకు మాత్రం గాదు. నువ్వు కట్టుకుంటే కామెర్లొచ్చినట్టుంటావు" అంది అత్త. ఆవిడ ముఖం మాడిపోయింది. అత్త వెనక్కి తిరిగి చూడకుండానే అరలోంచి ఒక ఆకుపచ్చ చీర లాగి ఆవిడ ఒళ్లోకి విసిరింది. "ఇది కట్టుకోని పో. పెండ్లికూతురి పక్కకు మాత్రం పోవాకు, పాపం, ఆ పిల్లను ఎవురూ సూడరు" అంది. ఆవిడ తర్వాత తన చుట్టాలందరినీ ఆ అంగడికే తోలుకొచ్చింది.

ఇంట్లో మాత్రం ఈ నోటికి ఆకుపచ్చ చీర ఉండేది కాదు, తిట్టు ఒక్కటే ఉండేది. బావ భార్యను నేను అక్కా అని పిలుస్తాను. ఆ ఇంట్లో కోడలిగా ఆమె పడిన మాటలన్నీ ఇక్కడ రాస్తే అత్త మీద మీకు జాలి పుట్టదు. ఒకటి మాత్రం చెబుతాను. ఒకరోజు అందరం భోజనానికి కూర్చున్నాం. అత్త చారు ఒక గుక్క తాగి, గిన్నె కింద పెట్టి, "ఇంట్లో ఎవురన్నా పోయినారా, ఇట్లుంది చారు?" అని అడిగింది. అక్క గిన్నె తీసుకుపోయి పారబోసి మళ్లీ పెట్టింది. రెండోసారి పెట్టిన చారు తాగి, "పోయినోళ్లు దగ్గరోళ్లే అనుకుంటా" అంది. మేమంతా నవ్వాం. అక్క నవ్వలేదు.

నా సంగతి వేరు. నేను ఈ రోజు పులివెందులలో పంతులమ్మగా ఉన్నానంటే అది ఆ నోటి చలవే. ఇంటర్ అయ్యాక నాన్న నా చదువు ఆపేద్దామనుకున్నాడు. నాన్నకు జమ్మలమడుగులో చిన్న కిరాణా అంగడి ఉండేది. ఈ సంగతి తెలిసి అత్త ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి వచ్చింది. ఇంట్లోకి రాలేదు. బజారులో, అంగడి ముందర, బేరానికి వచ్చినవాళ్ల మధ్యలో నిలబడి తమ్ముణ్ని కడిగేసింది. "నువ్వు చదువుకోల్యా, అందుకే ఈడ బెల్లం జోకుతాండావు. దాన్ని కూడా కూర్చోబెట్టి ఈగలు తోలిస్తావా?" అంది. బజారంతా విన్నది. నాన్న ఆ మరుసటి వారమే నన్ను కడపలో కాలేజీలో చేర్చాడు. తర్వాత ఆమెకు మొక్కబోతే కాలు వెనక్కి లాక్కుని, "మొక్కింది చాల్లే కోడలా, మార్కులు తెచ్చుకో" అంది.

జబ్బు కుడిచేతితో మొదలైంది. ఒళ్లో పెట్టుకున్న చెయ్యి దానంతటదే, చారులో ఉప్పు చిటికెడు చిటికెడుగా వేస్తున్నట్టు, వేళ్లు రాసుకుంటూ ఉండేది. చీర మడతలు పెడుతుంటే అంచులు కలిసేవి కావు. మాత్రలతో కొన్నేళ్లు బాగానే గడిచింది. తర్వాత మాత్ర పనిచేసే సమయం తగ్గుతూ వచ్చింది. మాత్ర దిగిపోతే వణుకు, బిగుసుకుపోవడం. మాత్ర ఎక్కువైతే ఒళ్లంతా మెలికలు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేలోపల సగం ఒళ్లో పడేది. అక్క కలిపి పెట్టబోయింది. అత్త ముఖం పక్కకు తిప్పుకుంది. జన్మలో ఒకరి చేత్తో తిననని, ఆకలైతే పస్తుంటానని చెప్పింది. రెండు పూటలు నిజంగానే పస్తు ఉంది.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం. ఈ వయసువాళ్లకు ఆపరేషన్ అందరికీ చెయ్యరట. గుండె తట్టుకోవాలి, జ్ఞాపకం సరిగ్గా ఉండాలి. జ్ఞాపకం పరీక్ష చేస్తానన్న అమ్మాయికి అత్త తన పెళ్లిలో ఏ ఊరి చీర కట్టిందో చెప్పి, దాని ధరలో ఎంత మోసపోయిందో కూడా చెప్పిందట. పెద్ద డాక్టరు ఓపికగా అన్నీ వివరించాడు. మాత్ర బాగా పనిచేసినప్పుడు ఎట్లా ఉంటారో ఇకమీదట ఎక్కువసేపు అట్లా ఉంటారని, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. నడకలో తూలుడు పోకపోవచ్చని, కొందరికి మాట మొద్దుబారుతుందని కూడా చెప్పాడు. ఆ చివరి మాటకు మాలో ఎవరూ పెద్దగా భయపడలేదు. అత్త అయితే నవ్వింది. "నా నోటికా? దానికేమైతాది నాయనా? నా చెయ్యి గమ్మునుండేట్టు చెయ్యి, అది చాలు" అంది.

ఆపరేషన్ చేసేటప్పుడు మనిషి మేలుకునే ఉండాలి. తలకు ఇనుప చట్రం బిగించి, తీగ సరైన చోటికి చేరిందో లేదో తెలుసుకోవడానికి చెయ్యి ఆడించమంటారు, మాట్లాడమంటారు. మిగతా రోగులను మాట్లాడించడానికి తాము తంటాలు పడతామని, ఈమెను ఆపడానికి తంటాలు పడ్డామని డాక్టరు తర్వాత చెప్పాడు. బుర్రలో గుజ్జు కనపడితే ఫోటో తియ్యమని, ల్యాదని తన కొడుకు అంటుంటాడని, చూపించాలని అడిగిందట.

కొన్ని వారాలకు కరెంటు మొదలుపెట్టారు. ఆ పూట నేను లేను. బావ వీడియో తీసి పంపాడు. డాక్టరు చేతిలో పలక లాంటిది ఏదో ఉంది, దాని మీద వేలితో నొక్కాడు. అత్త ఒళ్లో కొట్టుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె దాన్ని ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూసింది. తర్వాత ఇంటికి వచ్చాక పప్పన్నం కలుపుకుని, ముద్ద చేసి, ఒక్క మెతుకు రాలకుండా తిన్నది. అది నేను కళ్లారా చూశాను. తిన్నంతసేపూ మాట్లాడలేదు. చేయి కడుక్కుని వచ్చి, అక్కతో పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పింది. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నంత సంతోషం నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు.

ఆపరేషన్‌తో అయిపోదు. తర్వాత నెలనెలా పోయి కరెంటు ఎంత ఉండాలో సరిచేయించుకోవాలి. ఆ పని చేసేది గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టరు. చాలా మర్యాదస్తుడు. రెండో నెలలో మాట ఎట్లా ఉందమ్మా అని అడిగితే అత్త, "మాట గమ్మునైపోతాంది నాయనా" అంది. అప్పటికే ఆమె నాలుక కొంచెం మందమైంది, గొంతు తగ్గింది, అదే చెప్పుకుంది. మా సీమలో గమ్మునుండు అంటే మాట్లాడకుండా ఉండు, కదలకుండా ఉండు అని. గోదావరి వైపు గమ్మున రా అంటే తొందరగా రా అని. ఈ జబ్బులో కొందరికి మాట పరుగెత్తుతుంది, ఒకదాని మీదొకటి పడిపోతుంది. ఆ డాక్టరు అదే అనుకున్నాడు. నిదానంగా మాట్లాడమని చెప్పి, కరెంటు మరికాస్త పెంచి పంపాడు. బావ అప్పుడు మందుల కోసం కిందికి పోయాడట.

అత్త డాక్టరు మాట మీద గౌరవంతో ఇంటికొచ్చి నిదానంగా మాట్లాడటం మొదలుపెట్టింది. కరెంటు పెరిగేసరికి నాలుక ఇంకా బరువెక్కింది. నిదానంగా మాట్లాడుతున్నందుకే ఇట్లయిందేమో అనుకుని మళ్లీ వేగంగా మాట్లాడబోయింది. అప్పుడు అసలే అర్థం కాలేదు. అంగట్లో ఆమె ఏదన్నా అంటే బేరానికొచ్చినవాళ్లు గుమాస్తా ముఖం చూడటం మొదలుపెట్టారు. నెల రోజులు మా అత్త తన నోటితో తనే కొట్లాడింది. ఎవరో పలక ఇచ్చి రాసి చూపించమన్నారు. పలక గోడకు తగిలి పగిలింది. రాసి తిట్టడానికి తను కోర్టు గుమాస్తాను కాదని ఆమె అన్నట్టు నేను తర్వాత ఊహించుకున్నాను, ఎందుకంటే అన్నది అర్థం కాలేదు.

తర్వాతి నెల నేను కూడా వెంట పోయాను. డాక్టరు అదే ప్రశ్న వేశాడు, అత్త ముద్దముద్దగా అదే మాట చెప్పింది, ఆయన మళ్లీ కరెంటు పెంచబోయాడు. నేను ఆపి, మా వైపు గమ్మున అంటే ఏమిటో చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. వెంటనే కరెంటు తగ్గించాడు. చూస్తుండగానే అత్త నాలుక విడిపోయింది, చెయ్యి వణకడం మొదలైంది. ఆమె నోటివెంట వచ్చిన మొదటి స్పష్టమైన మాట ఆయనకే దక్కింది.

"ఏం నాయనా, మీ ఊర్లో గమ్మునుండమంటే పిల్లోళ్లు పరిగెత్తుతారా?"

ఆయన నవ్వాడు. నవ్వుతూనే ఆ రోజంతా మాతో కూర్చున్నాడు. చెయ్యీ నోరూ రెండూ బాగుండే చోటు దొరుకుతుందేమోనని ఎన్నో విధాలుగా వెతికాడు. దొరకలేదు. ఈ వయసులో కొందరికి అంతేనన్నాడు. చివరికి ఒక చిన్న రిమోటు ఇచ్చి, అందులో రెండు రకాలు పెట్టాడు. ఒకటి నొక్కితే చెయ్యి నిలబడుతుంది, నాలుక మందమవుతుంది. ఇంకొకటి నొక్కితే మాట వస్తుంది, వణుకూ వస్తుంది. తినేటప్పుడు ఒకటి, మాట్లాడేటప్పుడు ఒకటి వాడుకోమన్నాడు. ఎప్పుడు ఏది కావాలో అమ్మగారే చెబుతారు అన్నాడు. మా ఇంట్లో వాటికి చెయ్యి మీట, నోటి మీట అని పేర్లు పడ్డాయి.

అత్త లెక్క తేలికే. అన్నానికి చెయ్యి మీట, మిగతా పొద్దంతా నోటి మీట. ఒళ్లు ఎంత వణికినా ఫరవాలేదు. "వణికేది నేను, మీకేం నొప్పి?" అంది. రిమోటు మాత్రం ఆమె దగ్గర లేదు. వణికే చేత్తో దాన్ని నొక్కలేదు, కింద పడేస్తుంది అని బావ తన దగ్గరే పెట్టుకున్నాడు. అది అబద్ధం కూడా కాదు. మొదటి రోజుల్లో అడిగినప్పుడల్లా మార్చేవాడు. తర్వాత అన్నం తిన్నాక మార్చడం మరిచిపోయేవాడు. తర్వాత చుట్టాలు వస్తున్నారని, పడిపోతుందేమోనని, సాయంత్రం మారుస్తానని. చెయ్యి మీట మీద ఉన్నప్పుడు ఆమె అడిగేది ఎట్లాగూ అర్థమయ్యేది కాదు. రిమోటు వైపు వేలు చూపిస్తే, "ఆఁ, ఆఁ, మారుస్తా" అనేవాడు.

నేను ఆదివారం పోతే ఇల్లు ప్రశాంతంగా ఉండేది. అత్త కుర్చీలో చేతులు కదలకుండా, దేవుడి పటంలాగా కూర్చుని ఉండేది. అక్క ముఖం ఎన్నడూ లేనంత కళగా ఉండేది. పాటలు పెట్టుకుని వంట చేసేది. నేను రిమోటు అడిగి నోటి మీట నొక్కితే అందరూ లేచి పక్క గదుల్లోకి పోయేవాళ్లు. వారమంతా దాచుకున్నది అత్త నాకు చెప్పేది. ఎవరు ఏ అబద్ధం చెప్పారో, పాలలో ఎన్ని నీళ్లు కలుస్తున్నాయో, బావ అంగట్లో ఏం అమ్ముతున్నాడో. కుర్చీ గడగడలాడేది. మాట మధ్యలో ఆయాసం వచ్చేది, ఆపేది కాదు. అక్కను నేను తప్పు పట్టలేను. ఇన్నేళ్లూ మాటలు పడిన మనిషికి నిశ్శబ్దం ఒక మీట దూరంలో ఉంటే ఏం చేస్తుంది? బావను మాత్రం తప్పు పడతాను. ఆయన కొడుకు.

పాత అంగడి పడగొట్టి బావ మూడంతస్తుల షోరూము కట్టాడు. ప్రారంభానికి దీపం అమ్మ చేత్తోనే వెలిగించాలన్నాడు. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చి, ఊరి పెద్దలందరి ముందర వత్తి వత్తికీ నిప్పు అంటించింది. చెయ్యి ఇసుమంత కదలలేదు. ఎంత బాగయిందమ్మా అని అందరూ మెచ్చుకున్నారు, చాలామంది ఫోటోలు తీసుకున్నారు. దీపం అయ్యాక ఆమె బావ చొక్కా పట్టుకుని జేబు చూపించింది. ఆయన పక్కకు చూశాడు. ఆమె వదల్లేదు. జనం చూస్తున్నారని ఆయన లోపలి గదిలోకి తీసుకుపోయి మీట మార్చాడు. నేను వెంటే ఉన్నాను.

ఆమె చేతులు లేచాయి. మాట వచ్చింది. ఎక్కువేం అనలేదు.

"నా చెయ్యి గమ్మునుండేది నీ కోసరం. నా నోరు గమ్మునుండేదీ నీ కోసరమేనా? నాకేముండాది మరి?"

ఆమె నా భుజం పట్టుకుని వణుకుతూనే బయటికి నడిచి, పట్టుచీరల గద్దె దగ్గరికి పోయి కూర్చుంది. ఎన్నో ఏళ్లుగా కూర్చున్న చోటు అదే కదా, పైన భవనం మారినా. అక్కడ ఒక పెద్దామె కూతురి పెళ్లికి చీర చూస్తోంది. గండికోట ప్రాజెక్టు కింద ఊరు మునిగిపోతే కొండాపురం దగ్గర కాలనీలో ఉంటున్నవాళ్లు. అత్తకు పాత ఎరుక. గుమాస్తా పట్టు అని చెప్పిన చీరను అత్త వణికే వేళ్లతోనే నలిపి చూసింది.

"ఇది పట్టని చెప్పినారా నీకు? పట్టు గాదమ్మా ఇది. నేను ఈడనే కూర్చోని ముసిల్దాన్నయినా, నాకు తెలీదా? నా కొడుకు నీకు..."

అక్కడ ఆమె మాట మందగించింది. కొడుకు అన్న మాట తర్వాత వచ్చినవి ముద్దముద్దగా కలిసిపోయాయి. ఇంకా చెబుతూనే ఉంది, కళ్లు పెద్దవి చేసి, మెడ నరాలు తేలేట్టుగా చెబుతూనే ఉంది. ఏమీ అర్థం కాలేదు. వేళ్లు చీర మీద కదలకుండా నిలిచిపోయాయి. నేను తలెత్తి చూశాను. బావ నాలుగడుగుల దూరంలో, ఎవరికో నమస్కారం పెడుతూ, ఒక చెయ్యి జేబులోంచి బయటికి తీస్తున్నాడు. పెద్దామె దగ్గరికి వచ్చి, "జబ్బు మనిషి గదమ్మా, ఏందేందో అంటాది, ఏమనుకోవద్దు" అన్నాడు. ఆ పెద్దామె అత్త చెయ్యి నిమిరి, అయ్యో తల్లీ అంది. ఆ చీరే కొనుక్కుని పోయింది.

అత్త నోరు మూసుకుంది. ఆ తర్వాత తెరవలేదు.

మొదట్లో మాకు తెలియలేదు. మరుసటి ఆదివారం పోయి నేను నోటి మీట నొక్కాను. వణుకు వచ్చింది, మాట రాలేదు. అత్తా అని పిలిస్తే చూసింది. ఏమన్నా చెప్పు అంటే నా తల నిమిరింది, వణుకుతున్న చెయ్యి కాబట్టి జుట్టంతా చెదిరింది. మాట మాత్రం లేదు. మిషను చెడిపోయిందేమోనని హైదరాబాదు తీసుకుపోయాం. ఆ గోదావరి డాక్టరు అన్నీ చూశాడు. నాలుక బయట పెట్టమంటే పెట్టింది, చాలాసేపు పెట్టింది. ఆఁ అనమంటే అనలేదు. ఆయన మమ్మల్ని బయటికి పిలిచి, మిషనుకు ఏమీ కాలేదని, నాలుకకు కూడా ఏమీ కాలేదని చెప్పాడు. "ఆవిడకి మాట్లాడాలని లేదండి" అన్నాడు.

ఇంటికి వచ్చాక మొదటి నెల బావకు హాయిగానే ఉన్నట్టుంది. రెండో నెల నుంచి ఆయనకు కాలు నిలవలేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు తానే నోటి మీట నొక్కి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. అంగడి సంగతులు చెప్పేవాడు. కావాలని తప్పులు చెప్పేవాడు, దిద్దుతుందేమోనని. నాసిరకం చీర తెచ్చి ఒళ్లో పెట్టి, ఇది శానా మంచి పట్టు కదమ్మా అని అడిగేవాడు. ఒకరోజు ఆ రకం చీరలన్నీ తిప్పి పంపేశానని చెప్పాడు. అది నిజమే, నేను కనుక్కున్నాను. ఆమె విన్నది. వింటున్నంతసేపూ రెండు చేతులూ ఒళ్లో కొట్టుకుంటూ ఉండేవి, కాళ్లు నేల మీద టపటపలాడేవి. ఒక్క మాట వినడం కోసం కన్నతల్లిని అట్లా పూటపూటా వణికిస్తున్నాడని నాకు ఒళ్లు మండింది. ఆమె అడ్డు చెప్పలేదు. వణకనిచ్చింది. తనవైపునుంచి ఇవ్వగలిగింది అదొక్కటే అన్నట్టు, అది మాత్రం పూర్తిగా ఇచ్చింది.

అక్క కూడా మారిపోయింది. పాటలు ఆపేసింది. ఒకసారి నాతో, చారులో కావాలనే ఉప్పు వెయ్యలేదని, అత్త గిన్నె ఖాళీ చేసి పెట్టిందని చెప్పి కళ్లు తుడుచుకుంది. అదేం ఏడుపో ఆమెకే తెలియాలి.

మా అత్త క్షమించి పోయిందని, చివరికి అంతా సర్దుకుందని రాయాలని నాకూ ఉంది. ఆమె అటువంటి మనిషి కాదు. ఆమె తిట్టినప్పుడల్లా ఆ మనిషిని ఇంకా తన లెక్కలో పెట్టుకున్నట్టే అర్థం. తిట్టడం మానేసిందంటే లెక్కలోంచి తీసేసినట్టు. అది మా అందరికన్నా బావకు బాగా తెలుసు. నా వరకు నాకు ఆ గొంతు అంటే ప్రాణం, దాన్ని ఒక ప్లాస్టిక్ మీటతో ఆర్పేశారన్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆమె నన్ను కూడా ఆ మౌనంలోనే వదిలిపోయింది. అందుకు ఆమె మీదా కోపమే.

నేను ఆమెను చివరిసారి చూసింది ఒక ఆదివారం. ఆ వారంలోనే జ్వరమొచ్చి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయింది. ఆ రోజు మాత్రం బాగానే ఉంది. చెయ్యి మీట మీద చక్కగా అన్నం తిన్నది, చేయి కడుక్కుంది, కుర్చీలో కూర్చుంది. బావ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని మీట మార్చాడు. వేళ్లు మొదట కదిలాయి, తర్వాత మోచేతులు, తర్వాత గడ్డం.

"తిట్టమ్మా," అన్నాడు. "నేను చేసింది తప్పే. ఆ పొద్దు చెప్పబోయిన మాట ఇప్పుడన్నా చెప్పు. ఏమన్నా పడతా."

ఆమె కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పెదవులు విడిపడ్డాయి. నేను లేచి నిలబడ్డాను. అక్క గరిటె పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. బావ స్టూలు ముందుకు జరుపుకుని, ఒక్క అక్షరం కూడా పోకూడదన్నట్టు చెవి ఆమె నోటి దగ్గరికి పెట్టాడు. నోరు ఇంకా తెరుచుకుంది, పూర్తిగా తెరుచుకుంది. మా అత్త తీరిగ్గా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఒక పెద్ద ఆవులింత తీసి, నోరు మూసుకుని, కిటికీ వైపు తిరిగింది. బావ అట్లాగే ముందుకు వంగి, చెవి ఆమె వైపు పెట్టుకుని కూర్చుండిపోయాడు.